బెలూన్ ఆట చాలు, తేమ మీటరు పట్టుకుని రండి
(పత్తి రైతుల సంఘాలకు శిక్షణలు ఇచ్చే అధికారులకు, సంస్థల పెద్దలకు బహిరంగ లేఖ)

అయ్యా, అమ్మా, నమస్కారం.

నేను ఆదిలాబాద్ జిల్లాలో ఒక పత్తి రైతుల ఉత్పత్తిదారుల కంపెనీకి డైరెక్టర్ని. కంపెనీ అనగానే పెద్దగా ఊహించుకోకండి. ఎరువుల దుకాణం పక్కన ఒక అద్దె గది, ఒక బీరువా, ఒక బల్ల, తలా వెయ్యి రూపాయల వాటా కట్టిన 412 మంది సభ్యులు. అందరం రెండెకరాలు, మూడెకరాలు, మహా అయితే ఐదెకరాల వాళ్లమే. బోర్డులో ఒక ఆడమనిషి ఉండాలన్నారని నా పేరు రాశారు. మొదటి ఏడాది ఎక్కడ సంతకం పెట్టమంటే అక్కడ పెట్టాను. రెండో ఏడాది నుంచి చదివి పెడుతున్నాను. ఈ లేఖ ఆ చదవడం మొదలయ్యాక వచ్చిందే.

నాలుగేళ్లలో నేను పదకొండు శిక్షణలకు వెళ్లాను. శిక్షణకో సంచి ఇస్తారు కదా, ఇంట్లో పదకొండు సంచులున్నాయి. ఒకదాంట్లో మా అత్త బీపీ మాత్రలు దాచుకుంటుంది, ఒకదాంట్లో పిల్లల సర్టిఫికెట్లు ఉన్నాయి. సంచుల మీద నాకు ఫిర్యాదు లేదు, జిప్పులు గట్టివే.

'నాయకత్వ లక్షణాలు' అని ఒక శిక్షణ పెట్టారు. తలా ఒక బెలూన్ ఇచ్చి ఊదమన్నారు. కాలికి కట్టుకోమన్నారు. రెండు నిమిషాల తర్వాత ఎవరి బెలూన్ మిగిలితే వాళ్లు గెలిచినట్టు అన్నారు. ఇంకేముంది, అరవై దాటిన మా చైర్మన్ గారితో సహా అందరూ పక్కవాళ్ల బెలూన్ల మీద పడ్డారు. అన్నీ పగిలిపోయాక సారు నవ్వి, "పక్కవాళ్లది పగలగొట్టమని నేను చెప్పలేదే" అన్నారు. నీతి బాగానే ఉంది. కానీ అది నవంబరు రెండో వారం. చేలల్లో పత్తి పగిలి తెల్లగా వేలాడుతోంది. కైకిలి మనుషులు దొరక్క పక్క మండలం నుంచి ఆటోల్లో తెచ్చుకుంటున్నాం. నేను ఆ రోజు ఏరితే నలభై కిలోలు ఏరేదాన్ని.

నవంబరులో కాకపోతే మార్చిలో పెడతారు. మార్చిలో ఎందుకు పెడతారో మాకూ తెలుసు, సంవత్సరం బడ్జెట్ ఆ నెలతో అయిపోతుంది కాబట్టి. అలా పోయిన మార్చిలో రైతు వేదికలో 'నాణ్యమైన పత్తి ఏరుడు' మీద ఒకరోజు శిక్షణ జరిగింది. అప్పటికి చేలల్లో పత్తి కట్టెలు తప్ప ఏమీ లేవు. పైగా ఆ శిక్షణకు వెళ్లింది మా ఆయన. ఎందుకంటే పట్టాదారు పాసుపుస్తకం ఆయన పేరు మీద ఉంది, కాబట్టి పిలిచింది కూడా ఆయన్నే. పత్తి ఏరేది మాత్రం నేను. ఇంటికి వచ్చాక "ఏం చెప్పారు?" అని అడిగితే కోడిగుడ్డు కూర బాగుందన్నాడు.

మా 412 మంది సభ్యుల్లో ఆడవాళ్లం 37 మందిమి. చేలో పత్తి ఏరే చేతులు మాత్రం దాదాపు అన్నీ ఆడవాళ్లవే. పత్తి తడిగా ఉందా పొడిగా ఉందా, అందులో ఆకు ముక్క, వెంట్రుక, గుట్కా కాగితం పడిందా లేదా అన్నది ఆ చేతుల దగ్గరే తేలిపోతుంది. ఆ తర్వాత దూదినీ గింజనూ వేరుచేసే జీనింగ్ మిల్లు దాకా ఎవరు ఎంత శిక్షణ పొందినా మారేది తక్కువ.

మొన్న సీజన్‌లో మా ఇంటి సంగతే చెప్తాను. ఆసారి మద్దతు ధరకు పత్తి కొనే ప్రభుత్వ సంస్థ సీసీఐకి అమ్మాలంటే కపాస్ కిసాన్ యాప్‌లో స్లాట్ బుక్ చేసుకోవాలన్నారు. మా పెద్దోడు రెండు రోజులు ఫోన్ పట్టుకుని కూర్చుంటే స్లాట్ దొరికింది. ముందురోజు సాయంత్రం 23 క్వింటాళ్లు ట్రాలీకి ఎత్తాం. తెల్లారి మిల్లు ముందు వరుసలో నిలబడ్డాం. మధ్యాహ్నం ఒకాయన వచ్చి తేమ మీటరు తీసుకుని లోడు పక్క నుంచి లోపలికి గుచ్చాడు. తేమ 13.6 శాతం. ఇంకోచోట గుచ్చాడు. 13.9. "12 దాటితే మేం తీసుకోం అమ్మా" అన్నాడు. కోపంగా కూడా అనలేదు. అలాంటివి రోజూ చూస్తాడు కదా.

ఆ 2025-26 సీజన్‌లో మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలు. అది 8 శాతం తేమకు. అంతకన్నా ఒక్కో శాతం పెరిగితే ధరలో ఒక్కో శాతం కోత. 12 శాతం ఉన్నా 324 రూపాయలు పోయి 7,785 వచ్చేది. 13.6కి ఏమీ రాలేదు. ట్రాలీ కిరాయి రెండోసారి కట్టుకునే ఓపిక లేక అక్కడే బయట వ్యాపారికి 6,800కు పోశాం. క్వింటాలుకు దాదాపు వెయ్యి చొప్పున పోయింది. ఆ రాత్రి మా ఆయన అన్నం తినలేదు, నేను ఆయనతో మాట్లాడలేదు.

తప్పు మీటరుది కాదు. మాదే. మంచు ఆరకముందే ఏరాం, ఏరింది ఏరినట్టు కుప్ప పోశాం, పైన ఎండి లోపల అలాగే ఉంది. ఇది నాకు పదకొండు శిక్షణల్లో తెలియలేదు, ఆ 13.6 చూశాక తెలిసింది. తర్వాత మేం పది మంది డైరెక్టర్లం తలా కొంత వేసుకుని ఒక మీటరు కొన్నాం. కొన్న మొదటి వారమంతా ఊళ్లో అదో తమాషా. అందరూ తమ పత్తిలోనే కాదు, బియ్యంలో, పిండిలో కూడా గుచ్చి చూశారు. తర్వాత నిదానంగా పని మొదలైంది. పొద్దున 15 చూపించిన పత్తి, టార్పాలిన్ మీద పలచగా పరిచి రెండు రోజులు ఎండనిస్తే 10, 11కి దిగింది. మా మీటరుకూ మిల్లు మీటరుకూ ఒకటి అటూ ఇటూ తేడా వస్తుందని తెలుసుకున్నాం. ఒక్కచోట గుచ్చి చూసి సంబరపడకూడదని, అడుగునా మధ్యలో కూడా చూడాలని తెలుసుకున్నాం. రెండో విడత పత్తి వెనక్కి తిరిగి రాలేదు.

ఇక్కడ ఇంకో మెలిక ఉంది. ఇది మీ పాఠాల్లో ఎక్కడా నాకు కనబడలేదు. ఏరుడు కూలి కిలో లెక్కన ఇస్తాం. మా దగ్గర కిలోకు 12 రూపాయలు నడిచింది. మంచు మీద ఏరిన పత్తి బరువు తూగుతుంది. అంటే పొద్దున ఏడింటికే చేలో దిగిన మనిషికి కూలి ఎక్కువ పడుతుంది. మంచు ఆరేదాకా, పదింటిదాకా ఆగమని చెప్తే ఆ మనిషి కడుపు మీద కొట్టినట్టే. "పది తర్వాతే ఏరండి, కింది కాయల నుంచి మొదలుపెట్టండి, తలకు నూలు గుడ్డ కట్టుకోండి, యూరియా సంచుల్లో నింపొద్దు" అని మీరు ఎన్ని పోస్టర్లు అంటించినా, కూలి లెక్క మారకపోతే ఏరుడు మారదు. మేం ఒకటి చేసి చూశాం. పది తర్వాత మొదలుపెట్టే గుంపుకు కిలోకు రూపాయి ఎక్కువ ఇచ్చాం. క్వింటాలుకు 100 రూపాయలు అదనం. తేమ 12 నుంచి 9కి దిగితే మిగిలేది 243. నలభై ఇళ్ల వాళ్లు ఒప్పుకున్నారు, మిగతావాళ్లు వచ్చే ఏడు చూద్దామన్నారు. నాకు తెలిసి ప్రణాళిక అంటే ఇదే. ఒక రూపాయి ఎవరి చేతిలోంచి ఎవరి చేతిలోకి పోతే ఎవరికి ఎంత మిగులుతుందో ముందుగా కూర్చుని లెక్క కట్టుకోవడం.

మీరు మా కంపెనీకి రాసిచ్చిన వ్యాపార ప్రణాళిక నలభై రెండు పేజీలు. రంగుల బొమ్మలున్నాయి, ఐదేళ్ల లాభం గీతలున్నాయి. పదిహేడో పేజీలో 'పసుపు పాలిషింగ్ యూనిట్' అని ఉంది. మా మండలంలో పసుపు వేసేవాళ్లు లేరు. ఏ సంఘం కోసమో రాసిన దాంట్లో పేరు మార్చి మాకు ఇచ్చారని నేను చెప్పక్కర్లేదు. తయారు చేసిన ఆ పిల్లవాడిని తప్పు పట్టను, ఆయన మీద ఎన్ని సంఘాల బరువు ఉందో. కానీ ఆ కాగితాన్ని మేం బోర్డు మీటింగులో చప్పట్లు కొట్టి ఆమోదించాం. అది మాత్రం మా తప్పే.

2020లో కేంద్రం మాలాంటి పదివేల రైతు ఉత్పత్తిదారుల సంఘాల పథకం మొదలుపెట్టినప్పుడు ఒక్కో సంఘానికి మూడేళ్ల పాటు నిర్వహణ ఖర్చుల కింద 18 లక్షల దాకా ఇస్తామంది. మాకూ వచ్చాయి. ఆ డబ్బుతోనే సీఈఓ జీతం, అకౌంటెంటు జీతం, గది అద్దె నడిచాయి. మూడేళ్లు నిండాయి. డబ్బు ఆగింది. సీఈఓ అబ్బాయి మంచివాడే, వేరే ఉద్యోగం చూసుకున్నాడు. ఆ నలభై రెండు పేజీల్లో నాలుగో ఏడు ఎలా బతకాలో ఒక్క పేరా లేదు.

మా అమ్మాయి ఇంటర్ చదువుతోంది. ఒక ఆదివారం ఇద్దరం కూర్చుని పాత క్యాలెండర్ వెనక లెక్క వేశాం. సీఈఓకు నెలకు 25 వేలు, అకౌంటెంటుకు 10 వేలు అనుకుంటే ఏడాదికి 4 లక్షల 20 వేలు. క్వింటాలు పత్తి మీద కంపెనీకి 50 రూపాయలు మిగిలిందనుకున్నా ఆ జీతాలకే 8,400 క్వింటాళ్లు అమ్మాలి. మా సభ్యులకు సగటున మూడెకరాలు, ఎకరాకు ఏడు క్వింటాళ్లు అనుకుంటే అందరిదీ కలిపి 8,652. అంటే సభ్యుల పత్తి మొత్తం, ఒక్క బస్తా బయటికి పోకుండా, మా ద్వారానే అమ్మితే జీతాలు గడుస్తాయి. అద్దెకూ ఆడిటరుకూ ఏమీ ఉండదు. మా అమ్మాయి పెన్ను కింద పెట్టి "మమ్మీ, ఇది మొదటి రోజే తెలియాలి కదా" అంది.

ఇంకా నవ్వు వచ్చే సంగతి, మద్దతు ధరకు అమ్మే పత్తి కంపెనీ పేరు మీద పోదు. సీసీఐ రైతు పేరు మీద, రైతు ఆధార్, రైతు భూమి వివరాల మీద కొంటుంది. డబ్బు రైతు ఖాతాలోనే పడుతుంది. అది మంచిదే. అయితే ధర బయట మద్దతు ధర కన్నా తక్కువ ఉన్న ఏడాది, మేం కొని అమ్మేది ఏముంటుంది? 'సభ్యుల పత్తి సేకరించి సమష్టిగా అమ్మడం' అని మీ ప్రణాళికలో మొదటి లైను. ఆ లైను రాసిన వాళ్లు ఒక్క నవంబరులో మిల్లు గేటు ముందు నిలబడినా వేరేలా రాసేవారు.

అందుకని మేమే ఒక పేజీ ప్రణాళిక రాసుకున్నాం. ఊళ్లో తేమ చూడటం, టార్పాలిన్లు అద్దెకివ్వడం, యాప్‌లో స్లాట్ పెట్టించడం, నలుగురైదుగురి పత్తి కలిపి ఒకే డీసీఎం వ్యానులో పంపడం. వీటికి క్వింటాలుకు 20 రూపాయలు రుసుం. 8 వేల క్వింటాళ్లకు చేయగలిగితే లక్షా 60 వేలు. అకౌంటెంటుకు లక్షా 20 వేలు, మిగతాది ఆడిటరుకూ కరెంటుకూ. సీఈఓ లేడు. పక్క మండలం సంఘంతో కలిసి ఒక మనిషిని సగం సగం పెట్టుకుందామని మాట్లాడుతున్నాం, ఇంకా తేలలేదు. కౌలు రైతుల పత్తి సంగతి కూడా తేలలేదు. పాసుపుస్తకం లేని వాళ్లకు వ్యవసాయ విస్తరణ అధికారి (ఏఈఓ) గారి చుట్టూ తిరగడమే ఒక సీజను.

కంపెనీ కాగితాల గురించి కూడా చెప్పాలి. ఏటా సెప్టెంబరు 30లోపు సర్వసభ్య సమావేశం పెట్టాలని, ఆ తర్వాత వార్షిక లెక్కలు, వార్షిక రిటర్ను దాఖలు చేయాలని, గడువు దాటితే ఒక్కో ఫారానికి రోజుకు 100 రూపాయలు అదనంగా పడుతుందని మాకు నోటీసు వచ్చాక తెలిసింది. రెండు ఫారాలకూ కలిపి 41 వేలు కట్టాం. 41 మంది సభ్యుల వాటా డబ్బు అది. వాళ్లలో ఒకామె మేక అమ్మి వాటా కట్టింది. ఆమెకు ఈ సంగతి నేనే చెప్పాల్సి వచ్చింది. వరుసగా మూడేళ్లు దాఖలు చేయకపోతే డైరెక్టర్లు ఐదేళ్ల దాకా ఏ కంపెనీలోనూ డైరెక్టరుగా ఉండటానికి వీల్లేదట. నాయకత్వ లక్షణాల్లో దీన్ని మొదట చెప్పి ఉండాల్సింది. బెలూన్ తర్వాతైనా సరే.

పత్తి ధర ఎందుకు లేస్తుందో, ఎందుకు పడుతుందో కూడా మాకు ఎవరూ చెప్పరు. క్వింటాలు పత్తి ఆడిస్తే 34 కిలోల దాకా దూది, మిగతాది చాలావరకు గింజ. 170 కిలోల ఒక దూది బేలుకు ఐదు క్వింటాళ్ల పత్తి పడుతుంది. వ్యాపారి తలలో దూది ధర, గింజ ధర రెండూ తిరుగుతుంటాయి. మాకు ఒక్క పత్తి ధరే తెలుసు. 2025 ఆగస్టులో దిగుమతి పత్తి మీద 11 శాతం సుంకం ఎత్తేశారు, మొదట సెప్టెంబరు దాకా అని, తర్వాత డిసెంబరు 31 దాకా అని. మా ఊళ్లో ఈ మాట అప్పిచ్చి పంట కొనే అడ్తిదారు దుకాణం దగ్గర టీ తాగుతూ విన్నాం. సంఘం దగ్గర వినాల్సిన మాట అది.

పత్తి కాయను తినే గులాబీ రంగు పురుగు సంగతి క్లుప్తంగా చెప్తాను. దాని రెక్కల పురుగుల్ని ఎరతో రప్పించి పట్టే లింగాకర్షక బుట్టలు ఉచితంగా ఇచ్చారు, అరవై మంది కట్టారు, ఫోటోలు దిగారు. ఆ బుట్టలోని ఎర బిళ్ల నెలకల్లా పనికిరాకుండా పోతుంది. మార్చినవాళ్లు పదకొండు మంది. రోజుకు బుట్టకు 8 రెక్కల పురుగులు వరుసగా మూడు రోజులు పడితే మందు ఆలోచించాలన్నారు. మరి రోజూ లెక్కపెట్టేది ఎవరు, రాసేది ఎవరు, చూసి ఊరికి చెప్పేది ఎవరు? ఆ పురుగుకు గట్టు తెలియదు. పురుగుకు తిండి లేకుండా నేనొక్కదాన్నే డిసెంబరులో పత్తి పీకేసి, పక్క చేను ఫిబ్రవరి దాకా ఉంచితే నాకు ఒరిగేదేమీ లేదు. ఇది నిజంగా సంఘం మాత్రమే చేయగల పని. దీనికి మాత్రం ఊరంతటికీ కలిపి, చేలోనే, ఆగస్టులో నేర్పాలి.

ఒకసారి మమ్మల్ని హనుమకొండ జిల్లా ముల్కనూరుకు తీసుకెళ్లారు. అందుకు మాత్రం థాంక్స్. 1956లో పద్నాలుగు ఊళ్లతో మొదలైన సహకార సంఘం అది. బస్సులో వెళ్లను ఐదు గంటలు, రాను ఐదు గంటలు, అక్కడ గంటన్నర. అందులో అరగంట గ్రూప్ ఫోటోలకు పోయింది. అప్పు ఇచ్చేది, ఎరువు ఇచ్చేది, పంట కొనేది ఒకే గడప అని ఆ గంటలోనే నాకు అర్థమైంది. మా దగ్గర సంఘం ఎందుకు నడవదో అప్పుడు తెలిసింది. జూన్‌లో విత్తనానికి మా సభ్యుడు అడ్తిదారు దగ్గర చేయి చాపుతాడు. 2025లో విత్తన ప్యాకెట్ 901 రూపాయలు, మూడెకరాలకు ఎన్ని ప్యాకెట్లో, ఎరువెంతో లెక్క వేసుకోండి. నవంబరులో ఆ పత్తి అడ్తిదారు దగ్గరికే పోతుంది. సంఘం మీద ప్రేమ లేక కాదు, జూన్‌లో మాట ఇచ్చాడు కాబట్టి. మేం నవంబరులో నిలబడి "సంఘానికే ఇవ్వండన్నా" అంటే ఆయన మొహం పక్కకు తిప్పుకుంటాడు. జూన్ డబ్బు సంగతి తేల్చకుండా నవంబరు గురించి ఎంత శిక్షణ ఇచ్చినా ఆయన మొహం అలాగే ఉంటుంది. బ్యాంకు దగ్గర సంఘం పేరుతో అప్పు ఎలా అడగాలో, ఏ కాగితాలు కావాలో, తిరిగి ఎలా వసూలు చేసుకోవాలో నేర్పేవాళ్లు ఎవరైనా ఉంటే ముందు వాళ్లను పంపండి.

మా వైపు లోపాలు దాచను. మా బోర్డులో ముగ్గురు మీటింగుకు రాకుండా ఇంటి దగ్గరే రిజిస్టరులో సంతకం పెడతారు. ఎవరికి ఎంత అప్పు ఎరువు ఇచ్చామో ఒక ఏడాది రాయనే లేదు, బంధువులు కదా అని. సర్వసభ్య సమావేశానికి భోజనం పెడితేనే వంద మంది వస్తారు. వీటిని మేమే సరిచేసుకోవాలి, మీరు కాదు.

మిమ్మల్ని అడిగేది ఇంతే. మే నెలలో, రోహిణి కార్తె ఎండల్లో మాకు పని ఉండదు. అప్పుడు రెండు రోజులు వచ్చి మా బీరువాలోని అసలు రిజిస్టర్లు, అసలు బిల్లులు ముందేసుకుని కూర్చోండి. ఖర్చెంత, రాబడెంత, నాలుగో ఏడు ఎట్లా అన్నది మాతోనే లెక్క వేయించండి, తప్పయితే దిద్దండి. మృగశిర వచ్చిందంటే మళ్లీ ఆగస్టు దాకా మమ్మల్ని పిలవొద్దు. ఆగస్టులో బుట్టలు చూడటానికి చేలోకి రండి. సెప్టెంబరులో సమావేశానికి ఆడిటరు గారిని వెంటబెట్టుకుని రండి. సంచులు వద్దు, ఆ డబ్బుతో ఇంకో రెండు మీటర్లు ఇప్పించండి. పాసుపుస్తకం ఎవరి పేరు మీద ఉందో చూడకుండా ఏరేవాళ్లను పిలవండి.

వాళ్లను రైతు వేదిక దాకా రమ్మనక్కర్లేదు కూడా. అక్టోబరులో మొదటి ఏరుడప్పుడు పొద్దున ఎనిమిదింటికి మా చేల దగ్గరికి రండి. మంచు ఆరేదాకా ఎలాగూ అందరం గట్టు మీదే కూర్చుంటాం. నలభై యాభై మందిమి ఉంటాం. పదింటి దాకా మీరు చెప్పండి, మేం వింటాం, అడుగుతాం. పది కొట్టగానే మాత్రం లేచి ఏరుడుకు పోతాం, ఏమీ అనుకోవద్దు.

ఇట్లు,
ఒక పత్తి రైతుల ఉత్పత్తిదారుల కంపెనీ డైరెక్టర్,
ఆదిలాబాద్ జిల్లా